గడియారం చెప్పే వేగం, మనిషికి తెలిసే వేగం

2007 జనవరి 30న విండోస్ విస్టా సామాన్య వినియోగదారుల చేతికి వచ్చింది. వచ్చిన కొద్దికాలానికే దాని మీద ఒక ఫిర్యాదు గట్టిగా వినిపించసాగింది: ఫైళ్లు కాపీ చేస్తే ఎంతకీ తెమలడం లేదు, పాత విండోస్ ఎక్స్‌పీయే నయం. నిజానికి కాపీ చేసే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు విస్టాలో తిరగరాసిందే వేగం పెంచడానికి. పెద్ద ఫైళ్ల విషయంలోనూ, నెట్‌వర్క్ మీద సాగే కాపీల విషయంలోనూ ఆ కొత్త పద్ధతి చాలా సందర్భాల్లో మెరుగైన ఫలితమే ఇచ్చింది. మరి వేగం కోసం చేసిన మార్పు వాడేవాళ్లకు నత్తనడకగా ఎందుకు తోచింది?

విండోస్ లోపలి నిర్మాణం మీద ప్రామాణిక గ్రంథాలు రాసిన మార్క్ రసినోవిచ్ 2008 ఫిబ్రవరిలో దీనికి కారణం వివరంగా రాశారు. ఎక్స్‌పీలో ఫైలు కాపీ చేస్తే డేటా ముందు మెమరీలోకి చేరేది. అక్కడికి చేరగానే పని ముగిసినట్టు కాపీ విండో మూసుకుపోయేది. డిస్క్ మీద రాయడం ఆ తర్వాత తెరవెనుక సాగేది. విస్టా మెమరీని పక్కనబెట్టి నేరుగా డిస్క్ మీదికే రాసేది. రాయడం నిజంగా పూర్తయ్యేదాకా విండోను మూసేది కాదు. మధ్యరకం సైజు ఫైళ్లు బోలెడన్ని ఒక్కసారిగా కాపీ చేసేవాళ్లకు ఈ తేడా బాగా తగిలింది. దీనికి తోడు, ఎంతసేపు పడుతుందో అంచనా చెప్పడానికే విస్టా 12 సెకన్లు తీసుకునేది. చెప్పిన అంచనా కూడా నిలకడగా ఉండేది కాదు. చివరికి సర్వీస్ ప్యాక్ 1 అనే నవీకరణలో మైక్రోసాఫ్ట్ ఎక్కువ సందర్భాలకు మళ్లీ మెమరీ మార్గాన్నే పట్టింది.

ఈ ఉదంతంలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఇంజనీర్లు డేటా డిస్క్‌కు చేరడానికి పట్టిన సమయాన్ని కొలిచారు. వినియోగదారులు తమ చేతులు ఖాళీ కావడానికి పట్టిన సమయాన్ని చూశారు. కంప్యూటర్ వేగం గురించి ఇళ్లలో, ఆఫీసుల్లో, నిపుణుల మధ్య నడిచే వాదనల్లో చాలాభాగం ఇలాంటివే. రెండు వేర్వేరు విషయాలను కొలిచి, రెండింటికీ ఒకే పేరు పెట్టి పోట్లాడుకుంటాం. ఆ రెండింటినీ విడదీసి చూడటం నేర్చుకుంటే మన డబ్బూ సమయమూ రెండూ మిగులుతాయి.

దిగుబడి, స్పందన

ఒక యంత్రం గంటలో ఎంత పని చేసిందన్నది మొదటి కొలత. దాన్ని దిగుబడి అందాం. అడిగిన ఎంతసేపటికి జవాబిచ్చిందన్నది రెండోది. అది స్పందన. టిఫిన్ హోటల్లో ఇడ్లీ పాత్రను చూడండి. ఒక్క వాయికి డజన్లకొద్దీ ఇడ్లీలు దిగుతాయి. కానీ మూత పెట్టాక వచ్చినవాడు, తనకు కావలసినవి రెండే అయినా, వాయి మొత్తం ఉడికేదాకా ఆగాల్సిందే. పెనం మీద దోసె ఒక్కొక్కటిగానే వస్తుంది, కాబట్టి గంటకు తక్కువే దిగుతాయి. కానీ అడిగినవాడి ప్లేట్లోకి త్వరగా చేరుతుంది. వంటవాడు ఇడ్లీల లెక్క చూసుకుని గర్వపడతాడు, తినేవాడు తన ప్లేటు వంక చూస్తాడు.

తొలినాటి కంప్యూటర్లలో చాలావరకు దిగుబడి యంత్రాలే. ఐబీఎం 7090 లాంటి యంత్రం ధర లక్షల డాలర్లలో ఉండేది. దాని ముందు మనిషి సమయానికి విలువ తక్కువ. ప్రోగ్రామును కార్డుల మీద గుచ్చి ఇచ్చేసి, ఫలితం కోసం గంటలకొద్దీ, ఒక్కోసారి మర్నాటిదాకా ఎదురుచూసేవారు. యంత్రాన్ని మాత్రం వీలైనంతవరకు ఖాళీగా ఉంచేవారు కాదు. 1961 నవంబర్‌లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం దీన్ని తలకిందులు చేసింది. ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకునే సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను ఐబీఎం 709 మీద ప్రదర్శించి చూపించింది. ఒకరి పని నుంచి మరొకరి పనికి మారేటప్పుడల్లా యంత్రం కొంత సమయం నష్టపోతుంది. ఆ నష్టాన్ని తెలిసే భరించారు, ఎందుకంటే టైపు చేసిన ప్రతి మనిషికీ వెంటనే జవాబు దొరుకుతోంది.

ఆ బృందం అనుసరించిన సూత్రం ఇవాళ్టికీ నిలిచే ఉంది. కొద్దిసేపట్లో తేలిపోయే పనికి ముందు వరుస, ఎక్కువసేపు నడిచే పనికి వెనక వరుస. వెనక వరుసలోని పనికి ఆలస్యంగా వంతు వస్తుంది, వచ్చినప్పుడు మాత్రం ఎక్కువసేపు దొరుకుతుంది. కార్బటోకు 1990లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

మనసుకూ ఒక గడియారం ఉంది

యంత్రం ఎంత త్వరగా స్పందిస్తే చాలు? 1968లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ మిల్లర్ ఈ ప్రశ్నను శాస్త్రీయంగా ఎత్తుకున్నారు. మనిషి, కంప్యూటర్ మాటామాటా కలుపుకునేటప్పుడు ఏ రకం పనికి ఎంత ఆలస్యం సహించగలమో ఆయన వర్గీకరించారు. ఆ తర్వాత 1993లో జేకబ్ నీల్సన్ మూడు హద్దులను ప్రచారంలోకి తెచ్చారు. సెకనులో పదో వంతు లోపు జవాబు వస్తే పని మన చేత్తో మనమే చేసినట్టుంటుంది. ఒక సెకను లోపు వస్తే ఆలస్యం తెలుస్తుంది కానీ ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు వేరే పని వెతుక్కుంటుంది.

1982లో ఐబీఎంలోనే వాల్టర్ డోహర్టీ, అహ్ర్‌వింద్ థడాని మరో విషయం తేల్చారు. స్పందన సెకను లోపలికి దిగుతున్నకొద్దీ మనిషి చేసే పని ఊహించినదానికంటే ఎక్కువగా పెరుగుతుంది. యంత్రం ఆలోచన మధ్యలో అడ్డుపడకపోతే, తర్వాతి అడుగు ఏమిటో మనసులో సిద్ధంగా ఉంటుంది. జవాబు కోసం కాసేపు ఆగాల్సి వస్తే ఆ అడుగును మళ్లీ గుర్తు చేసుకోవాలి. యంత్రం ఆలస్యానికి మనిషి ఆలస్యం కూడా వచ్చి కలుస్తుందన్నమాట.

వేగంలో తేడాను గుర్తించడానికీ మనసుకు ఒక నియమం ఉంది. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వేబర్, బరువులను చేత్తో పోల్చే ప్రయోగాల ద్వారా, మనం తేడాను నిష్పత్తిలోనే గుర్తిస్తామని కనుగొన్నారు. గుస్తావ్ ఫెక్నర్ 1860లో దీన్ని గణిత సూత్రంగా మలిచారు. సమయం విషయంలోనూ స్థూలంగా ఇదే వరస. తేడా సుమారు 20 శాతం ఉంటే తప్ప మామూలు మనిషి పట్టుకోలేడన్నది సాఫ్ట్‌వేర్ రూపకర్తలు పాటించే ఉజ్జాయింపు. 60 సెకన్ల పని 55 సెకన్లకు దిగితే పరీక్షా పట్టికలో అది పెద్ద విజయం, కానీ వాడేవాడికి అసలు తెలియకపోవచ్చు. మౌస్ కదలికలో ఆలస్యం 0.2 సెకన్ల నుంచి 0.1కి తగ్గితే మాత్రం, మిగిలింది పదో వంతు సెకనే అయినా, చేతికి వెంటనే తెలిసిపోతుంది.

వేలితో తెరను తాకేటప్పుడు ఈ సున్నితత్వం ఇంకా ఎక్కువ. వేలు సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున కదులుతోందనుకుందాం. తెర 100 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, వేలి కింద ఉండాల్సిన బొమ్మ ఒక సెంటీమీటరు వెనక పడుతుంది. అక్కడ కాలం దూరంగా మారి కంటికే కనిపిస్తుంది. 2012లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఈ ఆలస్యాన్ని 100 నుంచి 1 మిల్లీసెకనుకు తగ్గిస్తూ ఒక ప్రయోగాత్మక తెరను చూపించింది. ఆలస్యం తగ్గుతున్నకొద్దీ గీత వేలికి అంటుకున్నట్టే కదలడం ఎవరికైనా కనిపిస్తుంది.

ఒక్క అక్షరానికి పట్టే సమయం

2017లో డాన్ లూ అనే ఇంజనీరు పాత, కొత్త కంప్యూటర్లను వరుసగా పెట్టి, మీట నొక్కిన క్షణం నుంచి తెరమీద అక్షరం కనిపించే క్షణం దాకా హై స్పీడ్ కెమెరాతో కొలిచారు. 1983 నాటి ఆపిల్ 2ఈ దీనికి సుమారు 30 మిల్లీసెకన్లు తీసుకుంది. ఆధునిక యంత్రాల్లో చాలావాటికి 100 మిల్లీసెకన్లు దాటింది. ఆపిల్ 2ఈ ప్రాసెసర్ సెకనుకు పది లక్షల టిక్కుల దగ్గర నడిచేది. ఇవాళ్టి ప్రాసెసర్లు అందుకు మూడు వేల రెట్లు ఎక్కువ టిక్కులు కొడతాయి. అయినా ఒక్క అక్షరం చూపించడంలో వెనకబడ్డాయి.

మధ్యలో మజిలీలు పెరగడమే కారణం. కీబోర్డులోని చిప్ మీటలను కొంత విరామంతో తనిఖీ చేస్తుంది. ఆ సమాచారం యూఎస్‌బీ మీదుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు, అక్కడి నుంచి అప్లికేషన్‌కు వెళ్తుంది. అప్లికేషన్ గీసిన అక్షరాన్ని అన్ని విండోలనూ కలిపి ఒకే బొమ్మ చేసే భాగం అందుకుంటుంది. గ్రాఫిక్స్ చిప్ దాన్ని వరుసలో పెడుతుంది. చివరికి తెర తన తర్వాతి రిఫ్రెష్ కోసం ఆగుతుంది. సెకనుకు 60 సార్లు మారే తెర మీద ఒక్క రిఫ్రెష్‌కు 16.7 మిల్లీసెకన్లు. మూడు చోట్ల ఒక్కో రిఫ్రెష్ జారితే చాలు, 50 మిల్లీసెకన్లు పోయినట్టే. ఈ మజిలీల వల్లే విండోలు చిరగకుండా, మినుకుమినుకుమనకుండా కనిపిస్తాయి. ఎన్నో అప్లికేషన్లు ఒకదాన్నొకటి చెడగొట్టుకోకుండా పక్కపక్కన నడుస్తాయి. ఆ సౌకర్యాలకు మనం చెల్లించే మూల్యం స్పందనలో తరుగు.

ఫోన్లలో ఈ బాధను గూగుల్ నేరుగానే ఎదుర్కొంది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 కోసం ప్రాజెక్ట్ బటర్ అనే ప్రత్యేక ప్రయత్నం చేసింది. గీసే పనులన్నిటినీ తెర రిఫ్రెష్‌తో తాళం కలిపింది. ఒక ఫ్రేము ఆలస్యమైనా ప్రవాహం తెగకుండా గీసిన ఫ్రేములను దాచే మూడో బఫర్ చేర్చింది. వేలు తెరను తాకగానే ప్రాసెసర్ వేగం పెంచే ఏర్పాటు చేసింది. పాత ఫోన్ల మీదే ఆండ్రాయిడ్ మృదువుగా జారడం మొదలైంది.

ప్రాసెసర్ ఎవరి వంతు?

ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రాసెసర్ సమయాన్ని పనులకు పంచిపెట్టే భాగాన్ని షెడ్యూలర్ అంటారు. దిగుబడి కావాలా, స్పందన కావాలా అన్న ఎంపిక అసలు జరిగేది ఇక్కడే. ఒక్కో పనికి ఎక్కువసేపు వంతు ఇస్తే మార్పిడి నష్టం తగ్గి దిగుబడి పెరుగుతుంది. చిన్న చిన్న వంతులు ఇస్తే అందరికీ త్వరగా జవాబు వస్తుంది.

విండోస్‌లో ఈ ఎంపిక మనకు కనిపించేలాగే ఉంది. ఇళ్లలో వాడే విండోస్‌లో మామూలు వంతు సిస్టమ్ టైమర్ టిక్కులు రెండు (ఇవి ప్రాసెసర్ టిక్కులు కావు), అంటే దాదాపు 31 మిల్లీసెకన్లు. మనం ముందుకు తెచ్చుకున్న విండోకు దీన్ని మూడు రెట్లు చేసి ఇస్తుంది. విండోస్ సర్వర్‌లో అందరికీ సమానంగా 12 టిక్కులు. సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నెల్ ఒకటే, వంతుల పంపకమే వేరు. సిస్టమ్ సెట్టింగుల్లోని పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్‌లో ప్రోగ్రామ్స్, బ్యాక్‌గ్రౌండ్ సర్వీసెస్ అన్న రెండు మాటల్లో కనిపించేది ఇదే తేడా.

లినక్స్ ప్రపంచంలో ఇదే అంశం మీద ఏళ్ల తరబడి వివాదం నడిచింది. దాని కేంద్రంలో ఉన్న కాన్ కోలివాస్ వృత్తిరీత్యా మెల్‌బోర్న్‌లో మత్తుమందు వైద్యులు. ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకున్నారు. తన డెస్క్‌టాప్‌లో పాట తెగిపోవడం, మౌస్ జెర్కులు కొట్టడం భరించలేక కెర్నెల్ షెడ్యూలర్‌ను సవరించడం మొదలుపెట్టారు. కెర్నెల్ అభివృద్ధి పెద్ద సర్వర్ల పరీక్షా ఫలితాల చుట్టూ తిరుగుతోందనీ, ఇంట్లో వాడే మనిషి అనుభవానికి అందులో విలువ దక్కడం లేదనీ ఆయన వాదన. 2007లో ఆయన షెడ్యూలర్‌కు బదులు, ఆయన చూపిన పంపకంలో సమానత్వం అన్న ఆలోచన నుంచి స్ఫూర్తి పొంది కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ రాసిన సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్ అదే ఏడాది అక్టోబరులో 2.6.23 కెర్నెల్‌లో చేరింది. కోలివాస్ తప్పుకున్నారు.

2009లో ఆయన బీఎఫ్ఎస్ అనే కొత్త షెడ్యూలర్‌తో తిరిగొచ్చారు. మోల్నార్ దాన్ని రెండు క్వాడ్‌కోర్ ప్రాసెసర్లున్న యంత్రం మీద పరీక్షించి, అది వెనకబడిందని అంకెలు ప్రకటించారు. తాను రాసింది సాధారణ డెస్క్‌టాప్‌ల కోసమనీ, ఆ యంత్రం తన లక్ష్యమే కాదనీ కోలివాస్ జవాబిచ్చారు. ఇద్దరూ సమర్థులే, ఇద్దరి లెక్కలకూ ఆధారం ఉంది. ఒకరు ఎక్కువగా కొలిచింది దిగుబడిని, మరొకరు కోరింది స్పందనను.

ఆ వివాదం వృథా పోలేదు. 2011 మార్చిలో వచ్చిన 2.6.38 కెర్నెల్‌లో మైక్ గాల్‌బ్రెయిత్ రాసిన సుమారు 200 పంక్తుల మార్పు చేరింది. అప్పటిదాకా కోడును ప్రోగ్రాముగా మార్చే ఒక పెద్ద కంపైల్ పని 20 ప్రాసెస్‌లుగా విడిపోతే, దానికి ప్రాసెసర్‌లో 20 వాటాలు దక్కేవి, పక్కన నడుస్తున్న వీడియో ప్లేయర్‌కు ఒక్కటే. ఒకే టెర్మినల్ నుంచి మొదలైన పనులన్నిటినీ ఒక గుంపుగా చూసి గుంపుకో వాటా ఇవ్వడంతో ఈ అన్యాయం తీరింది. మొత్తం పని పెరగలేదు, కానీ యంత్రం ముందు కూర్చున్న మనిషికి ఊపిరాడింది. 2023 అక్టోబరులో 6.6 కెర్నెల్‌తో సీఎఫ్ఎస్ స్థానంలోకి ఈఈవీడీఎఫ్ అనే షెడ్యూలర్ వచ్చింది. ఏ పనికి ఎంత వాటా అన్న లెక్కతో పాటు, ఎవరికి ఎంత త్వరగా వంతు రావాలన్న లెక్కకు కూడా అందులో చోటుంది.

పాత యంత్రం ఎక్కడ ఆగుతోంది?

ఇంట్లో కంప్యూటర్ స్లో అయిపోయిందంటే చాలామంది ముందు ప్రాసెసర్‌నే అనుమానిస్తారు. పాత యంత్రాల్లో అసలు దోషి ఎక్కువసార్లు హార్డ్ డిస్క్. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం. దానికి ముందు సూది సరైన వలయానికి జరగడానికి మరికొన్ని మిల్లీసెకన్లు. మొత్తం మీద అక్కడక్కడా చెదిరి ఉన్న చిన్న చిన్న భాగాలు చదవాలంటే సెకనుకు సుమారు వందకు మించి కుదరదు. ఒక అప్లికేషన్ తెరవాలంటే అలాంటి ముక్కలు వందలూ వేలూ కావాలి.

కదిలే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ ఒక్కో ముక్కను మిల్లీసెకనులో పదో వంతుకు అటూఇటూగా ఇచ్చేస్తుంది. పెద్ద ఫైలును వరుసగా చదవడంలో మామూలు ఎస్‌ఎస్‌డీ హార్డ్ డిస్క్ కంటే కొన్ని రెట్లే మెరుగు. చెదిరిన ముక్కల విషయంలో మాత్రం వంద రెట్లు. అందుకే ప్రాసెసర్ మార్చకుండా డిస్క్ ఒక్కటి మార్చినా యంత్రం కొత్తదైనట్టు అనిపిస్తుంది. సినిమా ఎడిటింగ్‌లో గంటలకొద్దీ లెక్కలు చేయించుకునే వ్యక్తికి అదే మార్పు అంతగా తెలియకపోవచ్చు. ఆయన ఎదురుచూపు ప్రాసెసర్ దగ్గర, డిస్క్ దగ్గర కాదు.

మెమరీ చాలకపోతే వచ్చే చిక్కు ఇంకో రకం. ఆపరేటింగ్ సిస్టమ్ కొంత డేటాను డిస్క్‌కు తరలించి చోటు చేస్తుంది. తరలించిన దాని అవసరమే మరుక్షణం పడితే, మళ్లీ తెచ్చి ఇంకొకదాన్ని పంపాలి. ఇలా రాకపోకలతోనే కాలమంతా గడిచి అసలు పని నిలిచిపోయే స్థితిని 1968లో పీటర్ డెనింగ్ విశ్లేషించారు. మెమరీ నిండేదాకా అంతా బాగుండి, హద్దు దాటగానే ఒక్కసారిగా కూలబడటం దీని లక్షణం. పది ట్యాబులు తెరిచే వ్యక్తి మెచ్చుకున్న ల్యాప్‌టాప్‌నే నలభై ట్యాబులు తెరిచే వ్యక్తి తిట్టడానికి కారణం ఇదే.

మెమరీ అంకెలను చూసి భయపడేవాళ్లూ ఉన్నారు. మనం తరచూ వాడే అప్లికేషన్లను విస్టా సూపర్‌ఫెచ్ అనే సదుపాయం ద్వారా ముందుగానే మెమరీలోకి తెచ్చి ఉంచేది. ఖాళీ మెమరీ దాదాపు సున్నా చూపించేసరికి, ఈ సిస్టమ్ మెమరీ అంతా మింగేస్తోందన్న పేరు వచ్చింది. లినక్స్ కూడా ఖాళీ మెమరీని ఫైళ్లు దాచుకోవడానికి వాడుకుంటుంది. అప్లికేషన్‌కు అవసరమైతే ఆ చోటు వెంటనే వదిలేస్తుంది. వాడకుండా ఖాళీగా ఉంచిన మెమరీ వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

కనిపించే వేగం

ఆలస్యం తప్పనప్పుడు దాన్ని ఎలా చూపిస్తామన్నదీ ముఖ్యమే. పని ఎంత శాతం అయిందో చూపే పట్టీ మనిషికి నిజంగా మేలు చేస్తుందని 1985లో బ్రాడ్ మయర్స్ చూపించారు. 2007లో క్రిస్ హారిసన్ బృందం ఈ పట్టీలను రకరకాలుగా నడిపించి చూసింది. చివర్లో వేగం పుంజుకునే పట్టీని జనం ఇష్టపడ్డారు, చివరి దగ్గర ఆగిపోయేదాన్ని అసహ్యించుకున్నారు. పట్టీ మీది చారలు వెనక్కి కదులుతున్నట్టు గీస్తే, పట్టే సమయం 11 శాతం తక్కువగా తోస్తుందని 2010లో అదే బృందం కనుగొంది. పనికి పట్టిన సమయంలో మాత్రం రవ్వంత మార్పు లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ర్యాన్ బ్యూయెల్, మైకేల్ నార్టన్ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రయాణ టికెట్లు వెతికే సైటు తాను ఏయే సంస్థల దగ్గర వెతుకుతోందో చూపిస్తూ కాసేపు ఆగితే, తక్షణం జవాబిచ్చినదానికంటే జనం దాన్నే ఎక్కువ విలువైనదిగా భావించే సందర్భాలున్నాయి. మన కోసం శ్రమ జరుగుతోందని కళ్లారా కనిపిస్తే ఓపిక పెరుగుతుంది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల నిజాయితీకి పరీక్ష ఉంది. జరుగుతున్న పనిని ఉన్నదున్నట్టు చూపించి ఆందోళన తగ్గించడం మర్యాద. జరగని పనిని జరుగుతున్నట్టు చూపించడం మోసం. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్‌ను ఒక నిజమైన మెరుగుదలగా చెప్పుకోవచ్చు. షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నెల్ స్థితిని డిస్క్ మీద దాచి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడుతుంది. అయితే షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా చికాకు పోలేదని విసుక్కునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. పూర్తిగా కొత్తగా మొదలు కావాలంటే రీస్టార్ట్ నొక్కాలి.

ఇద్దరూ నిజమే చెబుతారు

ఒకే కంప్యూటర్ మీద ఇద్దరి అభిప్రాయాలు వేరవడానికి జ్ఞాపకం కూడా ఒక కారణం. డేనియల్ కానమన్, ఆయన సహచరులు 1993లో చేసిన ప్రయోగంలో మనుషులు చేతిని 14 డిగ్రీల చల్లని నీళ్లలో 60 సెకన్లు ఉంచారు. మరోసారి అదే 60 సెకన్లకు తోడు ఇంకో 30 సెకన్లు ఉంచారు, ఆ 30 సెకన్లలో నీళ్లు ఒక డిగ్రీ వెచ్చబడ్డాయి. మళ్లీ ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదాన్నే ఎంచుకున్నారు. మొత్తం బాధ ఎంతన్నది జ్ఞాపకంలో నిలవదు. తీవ్రమైన క్షణం, చివరి క్షణం నిలుస్తాయి. రోజంతా చక్కగా పనిచేసి, సాయంత్రం ఫైలు సేవ్ చేసేటప్పుడు అర నిమిషం హ్యాంగ్ అయిన కంప్యూటర్ మనకు స్లో కంప్యూటర్‌గానే గుర్తుంటుంది.

సగటు అంకెలు ఈ క్షణాలను దాచేస్తాయి. సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నిమిషానికి 3,600 ఫ్రేములు గీసే గేమ్‌లో ఒక్కసారి అర సెకను ఆగితే సగటు ఇంచుమించు కదలదు. ఆడేవాడి ఆట మాత్రం అక్కడే పోతుంది. 2011లో స్కాట్ వాసన్ అనే సమీక్షకుడు సగటును పక్కనబెట్టి ప్రతి ఫ్రేముకూ పట్టిన సమయాన్ని విడిగా కొలవడం మొదలుపెట్టారు. సగటులో సమానంగా కనిపించిన గ్రాఫిక్స్ కార్డుల మధ్య తేడాలు అప్పుడు బయటపడ్డాయి. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డుల సమీక్షల్లో అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల లెక్క కూడా మామూలైపోయింది.

కాబట్టి కొత్త కంప్యూటర్ కొనబోయే ముందు, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చబోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను ఎదురుచూస్తున్నది ఎక్కడ? యంత్రం ఆగినప్పుడే టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్క్ వంద శాతం దగ్గర ఉండి ప్రాసెసర్ ఖాళీగా ఉంటే, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించండి. మెమరీ నిండిపోతుంటే మెమరీ చేర్చండి, లేదా ఆన్ చేయగానే వాటంతటవి మొదలయ్యే అప్లికేషన్లను ఆపండి. ప్రాసెసరే వంద శాతం దగ్గర గంటలకొద్దీ నిలబడుతుంటే అప్పుడు కొత్త యంత్రం గురించి ఆలోచించండి. పోల్చేటప్పుడు మీరు రోజూ చేసే పనితోనే, గడియారం పట్టుకుని పోల్చండి. మొదటిసారి తెరిచినప్పటి సమయాన్నీ రెండోసారి తెరిచినప్పటి సమయాన్నీ విడివిడిగా రాసుకోండి, ఎందుకంటే రెండోసారికి డేటా మెమరీలోనే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఇంకో మాట. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తోంది. ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్ వెనక వేలాది తెలుగు ఇంజనీర్ల చేతులున్నాయి. మీ ఆఫీసు యంత్రాలకు మంచి ప్రాసెసరూ కావలసినంత మెమరీయూ ఉంటాయి, వాడేవాళ్ల యంత్రాలకు తరచుగా ఉండవు. మీరు రాసినదాన్ని విడుదలకు ముందు 4 జీబీ మెమరీ, హార్డ్ డిస్క్ ఉన్న పాత కంప్యూటర్ మీద ఒకసారి నడిపి చూడండి. సగటు సమయంతో తృప్తిపడకండి. వాడే మనిషి అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాల్సి వచ్చిన క్షణం ఏదో కనిపెట్టి, ముందు దాన్ని తగ్గించండి.